అసాధారణం: మాట అర్థం, వాడుక – తరచుగా అడిగే ప్రశ్నలు

వాతావరణ వార్తలో, రక్త పరీక్ష కాగితంలో, కోర్టు తీర్పులో, ఇరుగుపొరుగు కబుర్లలో ఈ మాట తగులుతూనే ఉంటుంది. ఒకచోట లెక్క, ఒకచోట పొగడ్త, మరొకచోట నింద. వార్తలు, అనువాదాలు రాసేవారు, పాఠం చెప్పేవారు, చేతిలో రిపోర్టు పట్టుకుని కంగారు పడేవారు దీని గురించి తరచుగా అడిగే ప్రశ్నలివి.

అసాధారణం అంటే సూటిగా అర్థం ఏమిటి?

ఎప్పుడూ ఉండే తీరుకు, ఎక్కువమందిలో కనిపించే తీరుకు, లేదా ముందే గీసి పెట్టుకున్న కొలతకు దూరంగా ఉన్నది. మంచిదా చెడ్డదా అన్న తీర్పు ఈ మాటలో లేదు. ‘అసాధారణ ప్రతిభ’లో ఆ తీర్పును ప్రతిభ మోస్తుంది, ‘అసాధారణ జాప్యం’లో జాప్యం మోస్తుంది.

ఈ మాటను ఒంటరిగా వదిలేస్తే అది సగం వాక్యమే. దేనితో పోలిస్తే అసాధారణం? ఆ సాధారణాన్ని ఎవరు కొలిచారు, ఎప్పుడు కొలిచారు? కింది జవాబుల్లో చాలావరకు ఈ ప్రశ్నల చుట్టూనే తిరుగుతాయి.

ఈ మాట ఎక్కడి నుంచి వచ్చింది? మొదటి నుంచీ ఇదే అర్థమా?

సంస్కృతం నుంచి వచ్చింది. ‘సాధారణ’ అంటే మొదట ఒకే ఆధారం గలది, అంటే పలువురికి ఉమ్మడిగా చెందినది. ఆ అర్థంలో ఊరి చెరువు సాధారణం, పెరటి బావి అసాధారణం. అందరికీ ఉన్నదే కదా, ఇందులో విశేషమేముంది అనే దారిలో ‘మామూలు’ అన్న అర్థం తరువాత వచ్చి చేరింది.

తర్కశాస్త్రం పాత అర్థాన్ని వదలలేదు. లక్షణం అంటే ‘అసాధారణ ధర్మం’ అని అక్కడి నిర్వచనం. ఒక జాతికంతటికీ ఉండి మరి దేనికీ లేని గుణం అన్నమాట. ఆవుకు గంగడోలు, అంటే మెడ కింద వేలాడే చర్మం, అన్నది తరతరాలుగా చెబుతున్న ఉదాహరణ. కొమ్ములు గేదెకూ ఉన్నాయి, మేకకూ ఉన్నాయి కాబట్టి అవి ఆవుకు లక్షణం కావు. గమ్మత్తు ఏమిటంటే, ఈ లెక్కన ఆవుల్లో అన్నిటికన్నా మామూలుగా కనిపించేదే ఆవుకు అసాధారణ ధర్మం అయింది. ఇప్పటి అర్థం పట్టుకుని తర్కగ్రంథం చదివితే దారి తప్పేది ఇక్కడే.

అదే శాస్త్రంలో ‘అసాధారణం’ అనే పేరుతో ఒక హేత్వాభాసం, అంటే హేతువులా కనిపించే తప్పు కారణం, కూడా ఉంది. ‘శబ్దం నిత్యం (నాశనం లేనిది), అందులో శబ్దత్వం ఉంది కాబట్టి’ అన్న వాదన తీసుకోండి. శబ్దత్వం శబ్దంలో తప్ప మరెక్కడా లేదు. పోల్చి చూపడానికి రెండో ఉదాహరణ దొరకదు కనుక ఆ కారణం దేనినీ రుజువు చేయలేదు. ఒక్క సంఘటన చూపించి లోకం మీద సిద్ధాంతం కట్టేవారి గురించి తార్కికులు ఎప్పుడో ఆలోచించి పెట్టారు.

ఇది మెచ్చుకోలా, తెగడ్తా?

పక్కన ఏముందో చూడాలి. ధైర్యం, జ్ఞాపకశక్తి, ప్రజ్ఞ, సహనం వంటి గుణాల పక్కన చేరితే మెచ్చుకోలు. శరీరం, ప్రవర్తన పక్కన చేరితే అనుమానం: అసాధారణ వాపు, అసాధారణ రక్తస్రావం. అంకెల పక్కన ఉంటే ఎటూ మొగ్గదు.

వాక్యంలో మాట ఉన్న స్థానం కూడా అర్థాన్ని తిప్పేస్తుంది. ‘ఆయన అసాధారణమైన మనిషి’ అంటే గౌరవం. ‘ఆయన నాలుగు రోజులుగా అసాధారణంగా ప్రవర్తిస్తున్నారు’ అంటే ఇంట్లోవాళ్లు డాక్టరు దగ్గరకు బయలుదేరాలి.

అసామాన్యం, అసహజం, విపరీతం, వికృతం, అపసవ్యం… ఇవన్నీ ఒకటేనా?

కావు. నిఘంటువుల్లో ఇవన్నీ ఒకే వరుసలో కనిపించినా, ఒకదాని బదులు మరొకటి వేస్తే వాక్యం చెడుతుంది.

అసామాన్యం దాదాపు ఎప్పుడూ పొగడ్తే. ‘అసామాన్యుడు’ అంటే గొప్పవాడు. ‘అసామాన్యమైన గడ్డ కనిపించింది’ అని డాక్టరు రాస్తే రోగి సంతోషించాలో భయపడాలో తెలియక తికమకపడతాడు.

అసహజం ప్రకృతికి, స్వభావానికి సంబంధించినది. అరుదుగా జరిగేదంతా అసహజం కాదు. ఎడమచేతి వాటం గలవారు సుమారు పదిమందిలో ఒకరు ఉంటారు. అది తక్కువమందిలో కనిపించే సహజ గుణం. పుర్రచెయ్యి అని పేరు పెట్టి, వేళ్ల మీద కొట్టి, కుడిచేత్తో రాయించిన కాలం మనకు మరీ దూరమైనదేమీ కాదు. అరుదైనదాన్ని అసహజం అనుకుంటే జరిగేది అదే.

విపరీతం అంటే అసలు తిరగబడినది, వ్యతిరేకమైనది. ఆ అర్థం ‘విపరీత బుద్ధి’లో నిలిచింది. అలంకారశాస్త్రంలో ‘విపరీత లక్షణ’ అంటే పైకి ఒకటి అని లోపల దానికి వ్యతిరేకమైనది సూచించడం. ఆలస్యంగా వచ్చినవాడిని ‘ఎంత త్వరగా వచ్చావయ్యా’ అన్నట్టు. వాడుకలో మాత్రం ఇది ‘చాలా ఎక్కువ’ అనే అర్థానికి జారింది. విపరీతమైన ఎండ, విపరీతమైన రద్దీ అంటున్నాం, ఎవరికీ అభ్యంతరం లేదు. దీని నుంచే పుట్టిన వైపరీత్యం ఇంకా బరువెక్కి ‘ప్రకృతి వైపరీత్యం’ అయి తుపాన్లకు, భూకంపాలకు స్థిరపడింది.

వికృతం విషయంలో జాగ్రత్త అవసరం. వికృతి అంటే మార్పు చెందినది అని మాత్రమే. మన వ్యాకరణంలో ప్రకృతి, వికృతి అని జంటగా చదువుకుంటాం: అగ్ని–అగ్గి, రాత్రి–రాతిరి, సింహం–సింగం, ఆశ్చర్యం–అచ్చెరువు. సింగం వికృతి అయినంత మాత్రాన సింహానికి తక్కువైందేమీ లేదు. వాడుకలో మాత్రం ‘వికృత చేష్టలు’ అనగానే అసహ్యం తోడు వస్తుంది. వికారం కూడా అంతే. మార్పు అనే అర్థం పుస్తకాల్లో ఉండిపోయింది, మిగిలింది కడుపులో తిప్పడం.

అపసవ్యం చిత్రమైన మాట. సవ్యం అంటే ఎడమ. జంధ్యం ఎడమ భుజం మీద ఉండడం సవ్యం, కుడి భుజం మీదికి మార్చుకోవడం అపసవ్యం. ‘పని సవ్యంగా జరిగింది’ అన్నప్పుడు ఆ ఎడమ ఎవరికీ గుర్తుండదు. పితృకర్మల్లో మాత్రం అపసవ్యమే శాస్త్రోక్తం, అక్కడ సవ్యంగా ఉండడమే తప్పు. గడియారం ముళ్లకు ఎదురు తిరిగే దిశను అపసవ్య దిశ అంటున్నాం, అందులో నింద లేదు.

వక్రం పంచాంగం చూసేవారికి బాగా తెలిసిన మాట. ఆకాశంలో ముందుకు సాగుతున్న గ్రహం కొన్నాళ్లు వెనక్కి నడుస్తున్నట్టు కనిపిస్తే ‘వక్రించింది’ అంటారు. తిరిగి ముందుకు సాగితే రుజుగతి. భూమి, ఆ గ్రహం సూర్యుడి చుట్టూ వేర్వేరు వేగాలతో తిరగడం వల్ల కలిగే దృశ్యం ఇది. గ్రహం నిజంగా వెనక్కి తిరగదు.

‘సాధారణం కన్నా 4 డిగ్రీలు ఎక్కువ’ అంటారు. ఆ సాధారణం ఎక్కడిది?

అదే ప్రదేశంలో, అదే కాలంలో, 30 ఏళ్ల లేదా అంతకుమించిన రికార్డుల సగటు. ప్రపంచ వాతావరణ సంస్థ ప్రమాణం ప్రకారం ఇప్పుడు వాడుకలో ఉన్న 30 ఏళ్ల గడువు 1991 నుంచి 2020 వరకు. కాబట్టి పత్రికలో కనిపించే ‘సాధారణం’ మన జ్ఞాపకంలోని మామూలు ఎండ కాదు. ‘మా చిన్నప్పుడు ఇంత ఎండలు లేవు’ అనే పెద్దాయన పోలుస్తున్నది ఒక కాలంతో, వాతావరణ శాఖ పోలుస్తున్నది మరో కాలంతో. ఇద్దరూ నిజమే చెబుతుండవచ్చు.

వడగాడ్పు ప్రకటనలో ఈ తేడాకే పెద్దపీట. భారత వాతావరణ శాఖ లెక్కలో మైదాన ప్రాంతంలో గరిష్ఠ ఉష్ణోగ్రత కనీసం 40 డిగ్రీలకు చేరాలి, అది సాధారణం కన్నా 4.5 నుంచి 6.4 డిగ్రీలు ఎక్కువగా ఉంటే వడగాడ్పు, 6.4 దాటితే తీవ్ర వడగాడ్పు. తీరప్రాంతంలో 37 డిగ్రీలకు చేరి, సాధారణం కన్నా 4.5 డిగ్రీలు ఎక్కువైతే చాలు. తేడాతో నిమిత్తం లేకుండా 45 డిగ్రీలకు చేరితే వడగాడ్పే, 47 అయితే తీవ్రమైనది. రెంటచింతలలో మే నెలలో 42 డిగ్రీలంటే ఎవరూ తల తిప్పి చూడరు. విశాఖ తీరంలో అదే 42 మొదటి పేజీ వార్త.

జిల్లాలో వర్షపాతం ‘సాధారణం’ అని చెప్పారు, పైరు మాత్రం ఎండిపోయింది. ఎవరిది తప్పు?

మాటది. జిల్లా స్థాయిలో సగటుకు 19 శాతం తక్కువ నుంచి 19 శాతం ఎక్కువ దాకా కురిసిన వాననంతా ‘సాధారణం’ అనే పిలుస్తారు. 20 నుంచి 59 శాతం దాకా తక్కువైతే లోటు, 60 దాటితే తీవ్ర లోటు. ఎగువకూ అంతే: 20 నుంచి 59 దాకా అధికం, 60, ఆపైన అత్యధికం. ఈ లెక్కలో ఎంత కురిసింది అన్నదే ఉంది, ఎప్పుడు కురిసింది అన్నది లేదు. నెల వానంతా మూడు రోజుల్లో పడి, మిగతా రోజులు ఆకాశం ఖాళీగా ఉన్నా నెలాఖరుకు పట్టికలో ‘సాధారణం’ అనే రాస్తారు. వేరుశనగ ఊడలు దిగే వేళకు తడి లేకపోతే ఆ పట్టిక రైతుకు ఎందుకూ పనికిరాదు. పైగా అనంతపురం వంటి చోట ఏడాది సగటే 550 మిల్లీమీటర్ల దరిదాపు. అందులో 19 శాతం తగ్గితే మిగిలేది ఎంతో లెక్క వేసుకోండి.

దేశం మొత్తానికి చెప్పేటప్పుడు గీతలు వేరు. నైరుతి రుతుపవనాల వాన దీర్ఘకాలిక సగటులో 96 నుంచి 104 శాతం ఉంటేనే సాధారణం. 90 నుంచి 95 దాకా ‘సాధారణం కన్నా తక్కువ’. 2023లో దేశానికి 94 శాతం వాన పడింది, ‘సాధారణం కన్నా తక్కువ’ అన్నారు. అదే 6 శాతం తగ్గుదల ఒక జిల్లాలో ఉంటే అది నిక్షేపంగా సాధారణం. ఇందులో మోసం లేదు. చిన్న ప్రాంతంలో వాన ఏటేటా బాగా ఎగుడుదిగుడుగా ఉంటుంది, దేశమంతా కలిపితే ఎగుడుదిగుళ్లు ఒకదానినొకటి సరిచేసుకుంటాయి, అందుకని దేశానికి చిన్న తేడా కూడా పెద్ద విషయమే. కానీ వార్త రాసేటప్పుడు ఏ స్థాయి లెక్క అన్నది చెప్పకపోతే చదివేవారికి ఏమీ అర్థం కాదు.

ఆ సగటు కూడా కదులుతోంది. 1951–2000 లెక్కలో జూన్–సెప్టెంబర్ సగటు 89 సెంటీమీటర్లు. 1961–2010కి వచ్చేసరికి 88. ఇప్పుడు వాడుతున్న 1971–2020 లెక్కలో 87. ఒకప్పుడు కాస్త తక్కువ అనిపించుకున్న వాన కొత్త కొలబద్ద మీద నిండుగా కనిపించవచ్చు.

మన పాతవారికి అంకెలు లేకపోయినా మాటలున్నాయి. అతివృష్టి, అనావృష్టి, ఎలుకలు, మిడతలు, చిలుకలు, పొరుగు రాజుల దాడి: ఈ ఆరూ ఈతిబాధలు. ఎక్కువ వాన, తక్కువ వాన రెండూ ఒకే జాబితాలో పక్కపక్కనే ఉన్నాయి.

రక్త పరీక్షలో ఒక అంకె పక్కన ‘అసాధారణం’ అని గుర్తు పెట్టారు. నాకు జబ్బు ఉన్నట్టేనా?

అంకె గీత దాటిందని మాత్రమే ఆ గుర్తు చెబుతోంది. ఆ గీత ఎలా పుట్టిందో తెలిస్తే భయం కొంత తగ్గుతుంది. చాలా పరీక్షల్లో ఆరోగ్యవంతులు అనుకున్నవారిని కొంతమందిని పరీక్షించి, వారిలో మధ్యనున్న 95 శాతం మంది విలువలను ‘సాధారణ పరిధి’ అంటారు. అంటే ఆరోగ్యంగా ఉన్న 100 మందిలో 5 మంది ఆ పరిధి బయట పడాలని లెక్కలోనే రాసి ఉంది. ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 పరీక్షలు ఒకేసారి చేయించుకుంటే, ఏ జబ్బూ లేనివారికి కూడా కనీసం ఒక్క అంకె గీత దాటే అవకాశం దాదాపు 64 శాతం. తగ్గింపు ధరకు ‘ఫుల్ బాడీ చెకప్’ చేయించుకుని నిద్ర పోగొట్టుకునేవారు ఈ లెక్కను గోడకు అంటించుకోవచ్చు.

దీనికి రెండో వైపు కూడా ఉంది. గీత లోపల ఉన్నంత మాత్రాన అంతా బాగున్నట్టు కాదు. నిరుడు ఒక విలువ పరిధిలో కింది అంచున ఉండి, ఈ ఏడు పై అంచుకు చేరితే, కాగితం రెండుసార్లూ ‘సాధారణం’ అనే అంటుంది. మీ శరీరానికి మాత్రం అది పెద్ద మార్పు కావచ్చు. అందుకే పాత రిపోర్టులు పారేయకూడదు.

ఎవరికి గీశారన్నది మరో సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకారం హిమోగ్లోబిన్ డెసిలీటరుకు పురుషుల్లో 13 గ్రాములకు, మహిళల్లో 12కు, గర్భిణుల్లో 11కు (గర్భం రెండో త్రైమాసికంలో 10.5కు) తగ్గితే రక్తహీనత. 12.4 అన్న ఒకే అంకె భార్యకు సాధారణం, భర్తకు అసాధారణం. విశ్రాంతిలో గుండె నిమిషానికి 60 నుంచి 100 సార్లు కొట్టుకోవడం పెద్దవారికి సాధారణం అంటారు. బాగా సాధన చేసిన పరుగువీరుల్లో అది 40ల్లో ఉన్నా గుండె బ్రహ్మాండంగా ఉండవచ్చు.

ఆ గీతలు మారుతుంటాయా?

మారుతుంటాయి, కొన్నిసార్లు రాత్రికి రాత్రే. పరగడుపున రక్తంలో చక్కెర 140 మిల్లీగ్రాములు, ఆపైన ఉంటేనే మధుమేహం అనేవారు. అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 1997లో ఆ గీతను 126కు దించింది. సాధారణం అనే దాని పై గీత 110 దగ్గర ఉండేది, 2003లో దాన్ని 100కు దించింది. 105 ఉన్న మనిషి పడుకున్నప్పుడు సాధారణం, లేచేసరికి కాదు. రక్తం అదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ మాత్రం 110 దగ్గరే ఉండిపోయింది కాబట్టి ఈ రోజుకీ 105 ఏ గూటికి చెందుతుందో మీరు ఎవరి పట్టిక చూస్తున్నారన్న దాని మీద ఆధారపడి ఉంటుంది.

ఊరికే దించలేదు. తక్కువ విలువల దగ్గరే కళ్లకు నష్టం, ముందుముందు మధుమేహం వచ్చే ప్రమాదం పెరగడం గమనించారు. అంటే ఇక్కడ ‘సాధారణం’ అంటే ఎక్కువమందికి ఉన్నది అని కాదు, ప్రమాదం తక్కువగా ఉన్నది అని. రక్త పరీక్ష కాగితంలో ఈ రెండు రకాల గీతలూ ఒకే వరుసలో, ఒకే అచ్చులో ఉంటాయి. మన తికమకకు సగం కారణం అదే. బరువు విషయంలోనూ ఇంతే: శరీర ద్రవ్యరాశి సూచిక 25 దాటితే అధిక బరువు అన్నది ప్రపంచ ప్రమాణం, భారతీయులకు 23 దగ్గరే హెచ్చరిక మొదలవుతుంది. పొట్ట చుట్టూ కొవ్వు చేరడం, చక్కెర వ్యాధి మనవారిలో తక్కువ బరువుకే మొదలవడం దానికి కారణం.

శరీర ఉష్ణోగ్రత 98.6 డిగ్రీలు అన్నది కూడా ఒక మనిషి పెట్టిన గీతే. జర్మన్ వైద్యుడు కార్ల్ వుండర్లిష్ 1868లో ప్రచురించిన కొలతల నుంచి 37 సెల్సియస్ వచ్చింది. దాన్ని ఫారెన్‌హీట్‌లోకి మారిస్తే 98.6. తరువాతి కొలతల్లో సగటు అంతకన్నా కొంచెం తక్కువే తేలింది. పైగా ఉదయం కన్నా సాయంత్రం ఎక్కువగా ఉంటుంది. దశాంశ స్థానం చూసి అదేదో మహా కచ్చితమైన సంఖ్య అనుకోనక్కర లేదు.

గణితంలో దీన్ని ఏమంటారు?

విచలనం. సగటు నుంచి ఎంత దూరంగా జరిగిందో చెప్పే మాట. ప్రామాణిక విచలనం, మధ్యమ విచలనం అన్నవి ఇంటర్ పుస్తకాల్లో చదివినవే. విలువలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత ప్రామాణిక విచలనం. గంట ఆకారపు పంపిణీలో సగటుకు అటూ ఇటూ ఒక ప్రామాణిక విచలనం లోపల 68 శాతం, రెండింటి లోపల 95 శాతం, మూడింటి లోపల 99.7 శాతం విలువలు ఉంటాయి. పైన చెప్పిన 95 శాతానికి మూలం ఇక్కడుంది. విచలనం అన్న మాటకు మంచీ చెడూ అంటలేదు. తెలుగులో ఈ కుటుంబంలో ఇంత శుభ్రంగా మిగిలిన మాట ఇదొక్కటే అని నా అభిప్రాయం.

మనుషుల గురించి ‘అసాధారణం’, ‘నార్మల్ కాదు’ అని రాయవచ్చా?

కొలతకు వాడండి, మనిషికి వాడకండి. ‘బిడ్డ గుండె శబ్దంలో అసాధారణత ఉంది’ అనవచ్చు. ‘అసాధారణ బిడ్డ’ అనకూడదు. ‘నార్మల్ పిల్లలు, వికలాంగ పిల్లలు’ అని పక్కపక్కన పెట్టి రాసే అలవాటు పత్రికల్లో ఇంకా పోలేదు. ‘వైకల్యం ఉన్న పిల్లలు, వైకల్యం లేని పిల్లలు’ అంటే సరిపోతుంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. వికలాంగులు, దివ్యాంగులు, విభిన్న ప్రతిభావంతులు అని ప్రభుత్వ పేర్లు మారుతూ వచ్చాయి. ఆ పేర్లు అందరికీ నచ్చలేదు. దేవుడి పేరు తగిలించడం కన్నా ర్యాంపు కట్టడం మేలు అనేవారూ ఉన్నారు, వారి మాటలో న్యాయం ఉంది. ఎదుటివారు తమను ఏమని చెప్పుకుంటారో అదే రాయడం ఉత్తమం. అవకరం, అంగవిహీనం వంటి పాత మాటలు పాత కథలకే వదిలేయాలి.

మనసు సంగతిలో చట్టం ఇంకా స్పష్టంగా ఉంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మూడో సెక్షన్ ప్రకారం, చుట్టూ ఉన్న సమాజపు నైతిక, సాంస్కృతిక, రాజకీయ విలువలకు, మత విశ్వాసాలకు ఒదగడం లేదన్న కారణంతో ఎవరికీ మానసిక జబ్బు అంటగట్టకూడదు. ‘లోకం తీరుకు భిన్నంగా ఉన్నాడు’ అన్నది రోగనిర్ధారణ కాదని దేశపు చట్టమే అంటోంది.

ఈ జాగ్రత్త ఎందుకో చరిత్ర చెబుతుంది. స్వలింగ ఆకర్షణను అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 1973లో జబ్బుల జాబితా నుంచి తీసేసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లో తీసేసింది. మన దేశంలో 1860 నాటి శిక్షాస్మృతి 377వ సెక్షన్ ‘ప్రకృతి విరుద్ధం’ అనే మాటతో దాన్ని నేరంగా ఉంచింది. ఇష్టపూర్వకంగా దగ్గరైన వయోజనుల విషయంలో అది చెల్లదని 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చే వరకు 158 ఏళ్లు అలాగే నడిచింది. తక్కువమందిలో కనిపించేదాన్ని ప్రకృతి విరుద్ధం అని ఒకసారి రాసిపెడితే చెరపడానికి అంతకాలం పట్టింది.

‘అసాధారణ గెజిట్’ అంటారు. అందులో అంత అసాధారణం ఏముంది?

ఏమీ లేదు. వారానికోసారి వచ్చే మామూలు రాజపత్రం కోసం ఆగకుండా వేరుగా వెలువడేది. కేంద్ర ప్రభుత్వ రాజపత్రం మీద హిందీలో ‘అసాధారణ’ అని అచ్చు వేస్తారు. కంపెనీల ‘అసాధారణ సర్వసభ్య సమావేశం’ కూడా ఇంతే, ఏడాదికోసారి జరిగే సమావేశం కానిది. ఈ మాటలు చూసి వార్తకు ‘సంచలనం’ అని శీర్షిక పెట్టనక్కర లేదు.

‘మామూలు’ కూడా సాధారణమే కదా?

అవును, అరబీ నుంచి ఉర్దూ మీదుగా మనకు వచ్చింది. ఆచారంగా జరిగేది అని అర్థం. ‘మామూలుగా’ అంటే ఎప్పటిలాగే. బహువచనం చేసి ‘మామూళ్లు’ అంటే మాత్రం లంచం. చట్టం ప్రకారం ఎంత క్రమం తప్పిన పనో, భాష ప్రకారం అంత నిత్యకృత్యం.

వ్యాకరణం: అసాధారణ, అసాధారణమైన, అసాధారణత… ఏది ఎప్పుడు?

నామం అసాధారణం, విశేషణం అసాధారణమైన, క్రియావిశేషణం అసాధారణంగా, భావనామం అసాధారణత. ‘అసాధారణీయం’, ‘అసాధారణత్వత’ వంటివి అప్పుడప్పుడు కనిపిస్తాయి, అవసరం లేదు.

సంస్కృత పదంతో నేరుగా సమాసం చేయవచ్చు: అసాధారణ పరిస్థితి, అసాధారణ నిర్ణయం. తెలుగు మాట పక్కన నేరుగా పెడితే చెవికి గుచ్చుకుంటుంది. ‘అసాధారణ ఎండ’, ‘అసాధారణ చలి’ వైరి సమాసాల బాపతు. ‘అసాధారణమైన చలి’ అనండి, ఇంకా బాగుండాలంటే ‘ఎన్నడూ లేని చలి’.

ముందున్న ‘అ’ సంస్కృత పదాలకే అతుకుతుంది. అచ్చు ముందు అది ‘అన్’ అవుతుంది: అన్+ఆవృష్టి అనావృష్టి, అన్+ఉచితం అనుచితం. తెలుగు మాటలకు కాని, లేని వాడాలి: మామూలు కాని, ముందెన్నడూ లేని, తీరు తప్పిన.

‘అపవాదం’కూ దీనికీ సంబంధం ఉందా?

వ్యాకరణంలో ఉంది. సామాన్య సూత్రానికి లొంగని ప్రత్యేక సూత్రాన్ని అపవాదం అంటారు. వాడుకలో అపవాదు అంటే నింద. వ్యాకరణ పాఠంలో ‘దీనికి అపవాదం ఉంది’ అంటే ఎవరి మీదా నింద వేయడం లేదు.

సంవత్సరాల పేర్లలో కూడా ఇవి ఉన్నాయంటారు. నిజమేనా?

నిజమే. అరవై పేర్లలో 24వది వికృతి, 44వది సాధారణ. వికృతి నామ సంవత్సరం 2010–11లో వచ్చింది. సాధారణ నామ సంవత్సరం 1970–71లో వచ్చి వెళ్లింది, మళ్లీ 2030 ఉగాదికి వస్తుంది. అసాధారణ అనే పేరుతో సంవత్సరం లేదు.

తెలుగులో ‘అబ్‌నార్మల్’ అని రాస్తే తప్పా?

మాట్లాడేటప్పుడు ఎవరూ తప్పు పట్టరు. డాక్టరు, రోగి మధ్య అదే నడుస్తుంది. రాతలో మాత్రం అది ఏ పని చేస్తోందో తేల్చుకుని తెలుగు మాట వేయడం మంచిది. కొలత దాటితే ‘పరిధి దాటింది’. ప్రవర్తన మారితే ‘ఎప్పటిలా లేదు’. యంత్రం మొరాయిస్తే ‘సరిగా పనిచేయడం లేదు’. లెక్కలు తేడాగా ఉంటే ‘అవకతవకలు’. అన్నిటికీ అసాధారణం అని ఒకే మాట అంటించడం, అన్నిటికీ అబ్‌నార్మల్ అనడం కన్నా మెరుగేమీ కాదు.

ఎక్కువగా కనిపించే పొరపాట్లు?

‘అత్యంత అసాధారణం’ దాదాపు ఎప్పుడూ అనవసరం, ‘అసాధారణం’ చాలు. ‘సాధారణ స్థాయి కన్నా అసాధారణంగా పెరిగింది’లో ఒకే సంగతి రెండుసార్లు ఉంది, ‘సాధారణం కన్నా ఇంత పెరిగింది’ అని అంకె వేయండి. ‘అసాధారణ మరణం’ అని పోలీసు వార్తల్లో రాస్తుంటారు. అక్కడ కావలసింది ‘అనుమానాస్పద మృతి’ లేదా ‘అసహజ మరణం’. ప్రమాదం, ఆత్మహత్య, హత్య అసహజ మరణాలు. 115 ఏళ్ల వయసులో నిద్రలో పోవడం అసాధారణం, కానీ పూర్తిగా సహజం.